అంతర్యుద్ధానికి అరవై నిండిన ఆషాఢం

గెడ్డవలస అంతర్యుద్ధానికి ఆషాఢం నెలాఖరుతో అరవై ఏళ్ల సర్వీసు నిండుతుందనీ, ఆ రోజు సాయంత్రం అయిదు గంటలకు అది పదవీ విరమణ చేస్తుందనీ తాలూకా ఆఫీసు గోడకి కాగితం అంటించారు. దారిన పోయేవాళ్లు ఆగి చదువుకున్నారు. "అప్పుడే అరవయ్యా, మొన్నీమధ్య చేరినట్టుంది" అని ఒకరిద్దరు అనుకుని, ఎవరి సంచీ వాళ్లు పట్టుకుని బజారుకి పోయారు.

యుద్ధం ఊరి నడుమ పారే గెడ్డకి ఈవలి ఒడ్డుకీ ఆవలి ఒడ్డుకీ మధ్య జరుగుతుంది. పొద్దున్న పదింటికి మొదలై సాయంత్రం అయిదింటికి ఆగుతుంది. ఒంటిగంట నుంచి రెండింటి దాకా భోజన విరామం. ఆదివారాలు, రెండో శనివారం సెలవు. తాలూకా ఆఫీసులో దానికో కుర్చీ ఉంది, కుర్చీ వీపు మీద తువ్వాలు ఉంది, పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఆ కుర్చీలో యుద్ధం కూర్చోగా చూసినవాళ్లు లేరు. అయినా అటెండరు రోజూ పదకొండింటికి దాని ముందు టీ పెడతాడు, కాసేపటికి ఖాళీ గ్లాసు తీసుకెళ్తాడు. టీ ఎవరు తాగారని అడిగే అలవాటు ఆ ఆఫీసులో లేదు.

యుద్ధానికి మనుషులు కావాలి కాబట్టి ప్రతి వీధీ ఏడాదికొకరిని పంపిస్తుంది. కుళాయి దగ్గర బిందెల వరసలాగే ఆ వంతు ఇంటి తర్వాత ఇంటికి వస్తుంది. వరస తప్పించి ముందుకి దూరితే కుళాయి దగ్గర జుట్లు పట్టుకుంటారు. ఇక్కడ దూరడానికి ఎవరూ ప్రయత్నించరు గనక గొడవలు లేవు.

ఈ శ్రావణం మొదటి రోజు నుంచి వంతు అప్పలనరసమ్మ ఇంటిది.

అప్పలనరసమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. అక్కడితో చదువు ఆగిపోవడానికి కారణం ఎనిమిదో తరగతి బడి దూరంగా ఉండటం, దారిలో కుక్కలు ఉండొచ్చు అని ఆమె అనుకోవడం. తర్వాత తెలిసిందేమిటంటే ఆ దారిలో కుక్కలు లేవు. అయితే ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి కూడా ఆమె అటు వెళ్లలేదు. కుక్కరు నాలుగో విజిల్ ఆలస్యమైతే ఆమె వీధిలోకి వచ్చి నిలబడుతుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది, మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటుంది. గత వంతులో ఆమె భర్త సూర్నారాయణ యుద్ధానికి వెళ్లి ఏడాది తర్వాత ఎడమ చెవి లేకుండా వచ్చాడు. చెవి ఉంది, వినికిడి లేదు. అప్పటినుంచీ ఆమె తన భయాలు చెప్పడం మొదలుపెట్టగానే ఆయన ఆ చెవినే ఇటు తిప్పుతాడు. వాళ్ల సంసారం సుఖంగా సాగడానికి అదే కారణమని ఆమె కూడా ఒప్పుకుంటుంది.

ఒక మనిషికి ఒకే వంతు. కాబట్టి ఈసారి సూర్నారాయణ పనికిరాడు. ఆమెకి వయసు దాటింది. మిగిలింది ఒక్కగానొక్క కూతురు ఝాన్సీ. ఆ పేరు పెట్టినప్పుడే అప్పలనరసమ్మ వద్దంది. "పేరులో ఏముంది?" అన్నాడు సూర్నారాయణ. "పేరులో గుర్రం ఉంది, కత్తి ఉంది, వీపుకి కట్టుకున్న బిడ్డ ఉంది, అన్నీ ఉన్నాయి" అంది ఆమె. అప్పటికి ఆయనకి రెండు చెవులూ వినబడేవి. అయినా వినలేదు.

గోడ మీది కాగితం చదివిన రోజు అప్పలనరసమ్మ ఇంటికొచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టింది. యుద్ధం ఆషాఢంలో దిగిపోతే శ్రావణంలో వంతు ఎవరికీ ఉండదు. పిల్ల బతికిపోతుంది. దీపం పెట్టి లేచేలోపలే ఆమెకి భయం వేసింది. ఈ నెల అధికమాసం అయితే? ఆషాఢం రెండుసార్లు వస్తే? పురోహితుడి దగ్గరికి పరిగెత్తి పంచాంగం చూపించుకుంది. అధికం లేదన్నాడు. ఇంటికొచ్చాక ఇంకో భయం. యుద్ధం దిగిపోయే లోపలే సర్వీసులో ఉండగా చచ్చిపోతే? అప్పుడు దాని పిల్లకో పిల్లాడికో కారుణ్య నియామకం ఇస్తారు కదా. ఆ పిల్ల యుద్ధం వయసులో ఎంత చిన్నదో, ఇంకెన్నేళ్లు పనిచేస్తుందో.

ఆ వారమంతా ఆమె యుద్ధం ఆరోగ్యం కోసం మొక్కుకుంది.

అంతలో ఒక చిక్కు వచ్చింది. పదవీ విరమణ ఇవ్వాలంటే అరవై ఏళ్ల సేవ అవిచ్ఛిన్నంగా ఉండాలి. మధ్యలో ఒక్క పనిదినమైనా శాంతి నెలకొని ఉంటే అది సర్వీసులో విరామం. విరామానికి ముందు చేసిన సేవ మొత్తం రద్దవుతుంది, లెక్క ఆ మర్నాటి నుంచి మళ్లీ మొదలవుతుంది. అందుచేత యుద్ధం చరిత్రా, విఫలమైన శాంతి ప్రయత్నాల చరిత్రా పరిశోధించి, విరామం లేదని రాసివ్వడానికి ఒక తాత్కాలిక చరిత్రకారుడు కావాలని ప్రకటన ఇచ్చారు. ఊళ్లో అందరూ ఇంజనీరింగ్ చదివారు. చరిత్రలో ఎమ్మే చేసింది ఝాన్సీ ఒక్కతే. ఎందుకు చేశావని ఇన్నాళ్లూ అడిగినవాళ్లంతా ఆ రోజు వచ్చి అభినందించారు.

"మన పిల్లే దాన్ని ఇంటికి పంపిస్తాది, చూడు" అంది పక్కింటి ముత్యాలు. అప్పలనరసమ్మ తర్వాతి వంతు ఆమె ఇంటిదే. ఆమె కొడుకు తేజ సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. అందుకని యుద్ధం దిగిపోవడం ముత్యాలుకి కూడా అంతే అవసరం.

"దిష్టి పెట్టకు, ముత్యాలూ" అంది అప్పలనరసమ్మ.

"నా దిష్టికి అంత పవరుంటే గెడ్డ ఆవలోళ్లకే పెడుదును కదేటి వొదినా!"

ఝాన్సీ సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, శాంతి కోసం ప్రయత్నించి ముసలివాళ్లయిపోయిన వాళ్లని కలవడం మొదలుపెట్టింది. శాంతి ప్రయత్నమంటే ఒకటే పద్ధతి. రెండు ఒడ్ల మనుషులూ భోజన విరామంలో బయల్దేరి వంతెన నడుమకి చేరి అక్కడ కూర్చోవాలి. నడుమ మనుషులుంటే కాల్చకూడదని నిబంధన. చూడటానికి తేలికే. అయితే ఇన్నేళ్లలో బయల్దేరిన వాళ్లు చాలామంది, నడుమకి చేరిన వాళ్లు మాత్రం ఎవరికీ గుర్తులేరు. బయల్దేరిన వాళ్లని యుద్ధం ఆపి ఉంటుందని ఊళ్లో అందరూ అనుకునేవారు.

ఝాన్సీ రాత్రి అన్నాల దగ్గర తాను కనుక్కున్నది చెప్పేది. మొదటి ప్రయత్నం ఒక మేష్టారిది. చెప్పులేసుకుని గుమ్మం దిగుతుంటే వాళ్లమ్మ "ఎక్కడికిరా?" అంది. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు కదా. మేష్టారు వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ లేచాడు. వాళ్లమ్మ నోరు జారి "తొందరగా వచ్చెయ్యి, ఎక్కడికో చెప్పలేదు" అంది. మళ్లీ కూర్చున్నాడు. మూడో గ్లాసు తాగేసరికి రెండు గంటలయింది, తుపాకులు మొదలయ్యాయి. ఇంకోసారి ముగ్గురు పెద్దమనుషుల కమిటీ. ముగ్గురు కలిసి బయల్దేరకూడదని వాళ్లమ్మలు ఒక రాయి ఇచ్చి నాలుగో మనిషిగా జేబులో వేశారు. ఆవలి వాళ్లు దుర్భిణిలో చూసి, జాబితాలో ముగ్గురి పేర్లే ఉన్నాయి, ఈ నాలుగో సభ్యుడెవరని అభ్యంతరం చెప్పారు. రాయికి గుర్తింపు కార్డు తెచ్చేసరికి కమిటీ కాలపరిమితి అయిపోయింది. ఆవలి ఒడ్డు నుంచి ఒకసారి ఒకాయన తెల్లజెండా పట్టుకుని బయల్దేరాడు. ఎండ దెబ్బ తగులుతుందని వాళ్లమ్మ వెనకాలే పరిగెత్తుకొచ్చి నల్ల గొడుగు చేతిలో పెట్టింది. ఈవల నుంచి చూసేవాళ్లకి తెల్లజెండా కనబడలేదు, నల్లదే కనబడింది.

"యుద్ధం ఒక్కర్నీ ఆపలేదమ్మా" అంది ఝాన్సీ. "అందర్నీ అమ్మలే ఆపారు."

"పాపం, ఎలాటోళ్లో ఆ తల్లులు!"

"అచ్చం నీలాటోళ్లు."

అప్పలనరసమ్మ దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని కూతురికి ఇంకో గరిటె పప్పు వేసింది. అంట్లు తోముతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చి గిన్నె మీద చెయ్యి ఆగింది. అయినా ఆమెకి సంతోషంగానే ఉంది. అమ్మలందరి పుణ్యమా అని విరామం లేదు. విరామం లేదు గనక యుద్ధం దిగిపోతుంది.

నివేదిక దాదాపు పూర్తయిన వారంలో ఝాన్సీకి మువ్వల దాలినాయుడు దొరికాడు. ఆయన వయసులో ఉండగా సైకిలు మీద పుల్ల ఐసు అమ్మేవాడు. తల్లీ తండ్రీ లేరు, ఎవరింట్లోనో వసారాలో పడుకునేవాడు. ఝాన్సీ ఎప్పటిలాగే అడిగింది: "తాతా, నువ్వెప్పుడైనా శాంతికి వెళ్లావా?"

"ఎల్లేనమ్మా. పేలుళ్లయితే ఐసెవులు కొంటారు? విసుగొచ్చి డబ్బా ఎత్తుకుని వొంతెనెక్కీసేను."

"మధ్యలో ఎవరు ఆపారు?"

"ఎవులాపుతారు? ఇంట్లో మనిషుంటే కదా ఆపడానికి. నడుమకంటా ఎల్లిపోనాను."

ఆవలి ఒడ్డు నుంచి బోని పైడమ్మ అనే ఆవిడ కూడా అదే సమయానికి నడుమకి వచ్చింది. వాళ్లమ్మ ఆ రోజు ఏదో ఊళ్లో పెళ్లికి వెళ్లింది. ఇద్దరూ ఐసు డబ్బా మధ్యన పెట్టుకుని కూర్చున్నారు. రెండయింది. యుద్ధానికి ఏం చేయాలో తోచలేదు, ఊరుకుంది. సాయంత్రం అయిదింటి దాకా రెండు ఒడ్లలోనూ ఒక్క తుపాకీ పేలలేదు. రేపు మళ్లీ పొద్దున్నే వద్దామని చెప్పుకుని ఇద్దరూ ఎవరింటికి వాళ్లు వెళ్లారు.

"మరి మర్నాడు?" అంది ఝాన్సీ.

దాలినాయుడు గెడ్డ వైపు చూశాడు. "రాత్రికి రాత్రి ఊరంతా తెలిసిపోనాది. అయ్యో, ఆ గుంటడికి ఎవులూ లేరు కదా అని జాలిపడ్డారు. పొద్దున్న నేను సైకిలు తీస్తంటే పక్కింటి ముసిలామె గుమ్మంలో నిలబడి 'ఎక్కడికి నాయనా?' అంది. నన్నామాట అంతకుముందు ఎవులూ అడగలేదమ్మా. కాళ్లు కదల్లేదు. కూకుండిపోనాను. నీళ్లు తెచ్చి ఇచ్చింది, తాగేను. నిజం చెప్పీనా? శాంతికంటే ఆ మాటే బాగున్నాది."

అది సుమారు ముప్పై అయిదేళ్ల కిందటి సంగతి. అంటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒక పూట శాంతి. తాలూకా ఆఫీసు సూపరింటెండెంటు బెహరా రూళ్ల పుస్తకం చూసి, పూట అయినా పనిదినం కిందే లెక్క అన్నాడు. అది రుజువైతే యుద్ధం సర్వీసు ముప్పై అయిదేళ్లకి తగ్గిపోతుంది. ఇంకా పాతికేళ్లు పనిచేయాలి. అయితే ఒక ఒడ్డు మనిషి మాత్రమే చెప్పింది చరిత్ర కాదు, పుకారు. రెండు ఒడ్లవాళ్లూ చెబితేనే చరిత్ర. ఝాన్సీ ఆవలి ఒడ్డుకి వెళ్లి పైడమ్మ నోటితో కూడా ఆ మాట విని రావాలి. భోజన విరామంలో వంతెన దాటడానికి బెహరా అనుమతి ఇచ్చాడు. నివేదిక ఆ శనివారానికల్లా కావాలన్నాడు.

అప్పలనరసమ్మ ఆ పాతికేళ్లనీ వేళ్ల మీద లెక్కపెట్టింది. శ్రావణంలో ఝాన్సీ, తర్వాతి ఏడు తేజ, ఆ తర్వాత వీధి వీధంతా. వరస తిరిగి వచ్చేసరికి ఝాన్సీకి పుట్టబోయే పిల్ల. ఆ పిల్లకి ఆమె ఊహలో అప్పుడే జ్వరం కూడా తెప్పించేసింది.

"ఆ ఒక్క పూటా రాయకపోతే ఏటవుతాది?" అని అడిగింది.

"జరిగింది కదమ్మా."

"జరిగినవన్నీ రాస్తారేటి? నా పెళ్లిలో మీ పెద్దత్త వంకాయ కూర కోసం అలిగి మూడు వీధులు నడిచింది. ఏ పుస్తకంలో ఉందో చూపించు."

"అమ్మా, అరవై ఏళ్లలో ఇద్దరే ఇద్దరు వెళ్లి కూర్చున్నారు. అది కూడా లేదని రాస్తే నేను చదివిన చదువెందుకు?"

"ఎందుకో నేను అప్పుడే అడిగాను, నువ్వు చెప్పలేదు" అంది అప్పలనరసమ్మ. అలా అన్నందుకు తర్వాత పశ్చాత్తాపపడింది గానీ, మాట బాగానే కుదిరిందని కూడా అనుకుంది.

మర్నాడు ఒంటిగంటకి ఝాన్సీ చెప్పులేసుకుని గుమ్మం దిగింది. అప్పలనరసమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. జీవితమంతా ఆ మాట పొరపాటున నోరు జారి, వెంటనే నాలిక కరుచుకున్న మనిషి, మొదటిసారి కావాలని అంది.

"ఎక్కడికే?"

ఝాన్సీ ఆగింది. ఆమెకి శకునాల మీద నమ్మకం లేదు. నమ్మకం లేనివాళ్లు కూడా గెడ్డవలసలో వెనక్కి వచ్చి కూర్చుంటారు. ఎందుకంటే కూర్చోవడానికి కారణం చెప్పనక్కర్లేదు, కూర్చోకపోవడానికి చెప్పాలి. ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. అప్పలనరసమ్మ నీళ్లు తేవడంలో చాలా ఆలస్యం చేసింది. కుండలో ముంచి, వడగట్టి, గ్లాసు తుడిచి, సబ్జాగింజలు వేసి, అవి నానాలి కదా అని ఆగింది.

ఆ తర్వాతి రోజు తుమ్ము. దానికి ముత్యాలు సాయం పట్టింది. ముత్యాలు తుమ్మిందంటే గెడ్డ ఆవల పక్షులు లేస్తాయని పేరు. అరుగు మీద కూర్చుని, చిటికెడు ముక్కుపొడుం పీల్చి, ఝాన్సీ కాలు బయట పెట్టగానే తుమ్మింది. ఝాన్సీ కూర్చుని లేచింది. మళ్లీ తుమ్మింది.

"అత్తా, జలుబు చేసిందా?"

"లేదమ్మా, నువ్వు బాగుండాలని" అని చెప్పేసింది ముత్యాలు. ఆమెకి అబద్ధం ఆడటం రాదు.

మూడో రోజు పిల్లి. ముత్యాలు తన పిల్లిని చంకలో పెట్టుకుని వీధికి అటు నిలబడింది, అప్పలనరసమ్మ చేపతల పట్టుకుని ఇటు నిలబడింది. పిల్లి సగం దూరం వచ్చి, ఝాన్సీ సైకిలు నీడలో పడుకుని, ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టింది. అడ్డంగా వెళ్లిన పిల్లికి శాస్త్రం ఉంది గానీ, సగం వెళ్లి ఆగిన పిల్లికి ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. దాని మీద చర్చ జరుగుతుండగానే రెండు కొట్టింది.

శుక్రవారం ఆఖరి అవకాశం. ఆ రోజు ఝాన్సీ "ఎక్కడికే" అన్నా ఆగలేదు. తుమ్ము విన్నా ఆగలేదు. పిల్లిని దాటుకుని సైకిలు నడిపించుకుంటూ వీధి మొదటికి వచ్చింది. అక్కడ అప్పలనరసమ్మ నిలబడి ఉంది. అడ్డదారిన పరిగెత్తుకొచ్చినందుకు రొప్పుతోంది, చేతిలో ఏమీ లేదు. శకునాలన్నీ అయిపోయాయి.

"కావాలనే చేస్తున్నావు కదా" అంది ఝాన్సీ.

"అవును."

"నేను తప్పు రాయాలనా?"

"నువ్వు ఉండాలని." సైకిలు హ్యాండిలు పట్టుకుని, "నాకు భయం వేస్తందే" అంది. ఆ మాట ఆమె రోజూ అంటుంది. గోడ మీద బల్లిని చూసినా అంటుంది. అయితే ఆ రోజు కూతురు తలెత్తి చూసింది.

"నాకూ వేస్తోందమ్మా" అంది ఝాన్సీ. "యుద్ధానికి వెళ్లాలంటే నాకూ భయమే."

సైకిలుకి స్టాండు వేసి, ఎవరిదో అరుగు మీద కూర్చుంది. వంతెన అక్కణ్ణుంచి కనబడుతోంది, దాని మీద ఎవరూ లేరు. "నీళ్లియ్యి" అని తనే అడిగింది. అప్పలనరసమ్మ ఆ ఇంటి తలుపు కొట్టి నీళ్లు తెచ్చింది. ఈసారి ఆలస్యం చేయలేదు. ఆలస్యం చేయాల్సిన అవసరం కనబడలేదు.

శనివారం నివేదిక చేరింది. ఈవలి ఒడ్డున ఒక పుకారు ఉన్నదనీ, ఆవలి ఒడ్డున ధ్రువపడలేదనీ, కాబట్టి అరవై ఏళ్లలో శాంతి ఒక్క పూట కూడా నెలకొనలేదనీ ఝాన్సీ రాసింది. దాలినాయుడు దగ్గరికి స్వయంగా వెళ్లి ఆ సంగతి చెప్పింది. ఆయన "పోనీలే తల్లీ, ఒక్క పూటే కదా" అన్నాడు.

ఆషాఢం నెలాఖరున పదవీ విరమణ సభ ఘనంగా జరిగింది. కుర్చీకి పూలదండ వేశారు, శాలువా కప్పారు, గోడగడియారం బహూకరించారు. ఆవలి ఒడ్డు పెద్దలు గెడ్డ అవతల మైకు పెట్టుకుని అక్కణ్ణుంచే మాట్లాడారు. "ఒక్క పూట కూడా గైర్హాజరు కాని ఉద్యోగిని నా సర్వీసులో చూడలేదు" అంటూ బెహరా కుర్చీకి నమస్కారం పెట్టాడు. ఫొటోగ్రాఫరు కుర్చీని కొంచెం నవ్వమన్నాడు. కాళ్లో చేతులో పోగొట్టుకున్నవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు, వాళ్లలో కొందరికి కళ్లనీళ్లు వచ్చాయి. ఎంతైనా ఇన్నేళ్ల పరిచయం. అయిదింటికి తుపాకులు ఆగాయి, బ్యాండు మేళంతో కుర్చీని జీపెక్కించి ఊరంతా తిప్పి పంపించారు. అప్పలనరసమ్మ ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేసింది. ముత్యాలు ఇంటికి పెద్ద గిన్నె పంపించింది.

మర్నాడు శ్రావణం మొదటి రోజు. పొద్దున్న పదింటికి గెడ్డ దగ్గర తుపాకులు పేలాయి.

అప్పలనరసమ్మ జన్మలో మొదటిసారి ఒంటరిగా ఆఫీసు లోపలికి వెళ్లింది. దారిలో కుక్కలున్నాయేమోనని కూడా చూడలేదు. పాత కుర్చీ ఉన్నచోట ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని ముందు టీ ఉంది.

"దిగిపోయింది కదా బాబూ, మళ్లీ ఇదేటి?" అని అడిగింది.

"దిగిపోయిందమ్మా. నిన్నటితో దానికీ మాకూ సంబంధం లేదు" అన్నాడు బెహరా. "అయితే పోస్టు ఖాళీ అయింది. ఖాళీగా ఉంచితే పోస్టే ఎత్తేస్తారు. శాంతి దరఖాస్తు పెట్టుకుంది. మేమూ దాన్నే వేద్దామని పైకి రాశాం."

"మరి వెయ్యలేదేం?"

"అనుభవం అడిగారు. ఎక్కువ కాదు, ఒక్క పూట ఎక్కడైనా పనిచేసి ఉంటే చాలన్నారు. మీ అమ్మాయి నివేదిక తీసి చూశాం. అనుభవం లేదని స్పష్టంగా ఉంది. బొత్తిగా అనుభవం లేనిదాన్ని ఎలా వేస్తామమ్మా? అందుకని రిటైరైనదాన్నే కాంట్రాక్టు మీద తీసుకున్నాం. పని తెలిసినది. ఏడాదికి ఏడాది పొడిగిస్తాం."

ప్రపంచంలో జరగగల చెడంతా ముందే ఊహించి పెట్టుకున్నానని అప్పలనరసమ్మ అనుకునేది. ఇది ఆమెకి కూడా తట్టలేదు.

"వంతు?" అంది.

"వంతులు మామూలే. నిన్నటివాళ్లు ఇవాళ ఒక్క రోజూ ఉంటారు, మీ ఇంటి నుంచి అమ్మాయి రేపు చేరాలి." బెహరా మంచివాడు. ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఒక దారుంది. కాంట్రాక్టు యుద్ధానికి కూడా చరిత్ర రాసేవాళ్లు ఒకరు కావాలి. మొదటి రోజు నుంచే రాస్తే తర్వాత ఈ వెతుకులాటలుండవు. మీ అమ్మాయికి అనుభవం ఉంది. ఆఫీసులో కూర్చుని చేసే పని, ఫ్యాను ఉంటుంది. అది చేసేవాళ్ల ఇంటికి వంతు ఉండదు."

"మరి ఈ ఏటి వంతు?"

"పక్కింటికి జరుగుతుంది."

కూతుర్ని అడిగి చెబుతానని ఆమె అనలేదు. సరే అంది. ఇంటికి వచ్చేదారిలో, అంత తొందరగా సరే అన్నందుకు ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది.

"అత్త వాళ్ల తేజ వెళ్లాలి కదమ్మా" అంది ఝాన్సీ.

"వాడు మగపిల్లాడు. పరిగెడతాడు." ఆ మాట వినబడి సూర్నారాయణ మంచి చెవిని చేత్తో మూసుకుని పడుకున్నాడు. ఝాన్సీ చాలాసేపు గుమ్మంలో కూర్చుంది. మర్నాడు పదింటికల్లా ఆఫీసులో ఉంది.

ముత్యాలుకి సంగతి చెప్పాల్సింది అప్పలనరసమ్మే. ముందు రోజు సాయంత్రమే కాకరకాయ వేపుడు గిన్నె పట్టుకుని వెళ్లింది. ముత్యాలు అంతా విని, ముక్కు చీదుకుని, గిన్నె మూత తీసి చూసింది.

"ఎలాగూ వచ్చే ఏడు మాదే కదా వొదినా. ఒక ఏడు ముందొచ్చింది. మన పిల్ల ఆఫీసులో ఉంటే వాడి గురించి మంచిగానే రాస్తాదిలే."

"రాస్తాది" అంది అప్పలనరసమ్మ.

తేజ మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. పదింటికి గెడ్డ దగ్గర మోత మొదలయ్యాక ముత్యాలు ఇంట్లో ఉండలేక చేటా చింతపండూ పట్టుకుని అప్పలనరసమ్మ దగ్గరికి వచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీశారు. కాంట్రాక్టు తుపాకుల చప్పుడు పాతవాటంత గట్టిగా లేదని ముత్యాలు అంది. నాసిరకం మందు వాడుతున్నారేమో, అంది అప్పలనరసమ్మ. ఒకసారి పెద్దగా పేలినప్పుడు ముత్యాలు చెయ్యి ఆగిపోయింది. అప్పలనరసమ్మ చెయ్యి ఆగలేదు.

అది ఆమె గమనించింది. తనకి భయం వేయడం లేదు. ఎందుకు వేయడం లేదో తెలియక కాసేపు భయపడింది. మధ్యాహ్నం అయ్యేసరికి అది కూడా పోయింది. అన్నం తిని, చాప వేసుకుని, హాయిగా నిద్రపోయింది.